ఆమెన్ దాకా

ఆ ఏడు వానాకాలంలో మా ఇంట్లో వాన కంటే ప్రార్థనే ఎక్కువ కురిసింది. వానైనా మధ్యమధ్యలో తెరిపిచ్చేది. మా నాన్న అదీ ఇచ్చేవాడు కాదు.

అంతకుముందు మా ఇంట్లో ప్రార్థన చేయించేది నాయనమ్మ. పొయ్యి మీద బియ్యం పడేసి వచ్చి కుర్చీలో కూలబడి, ఒక చరణం పాడి, నాలుగు ముక్కలు వాక్యం చదివి, "తండ్రీ, మా సంగతి నీకు తెలియనిదేముంది, చూసుకో" అని ఆమెన్ అనేసేది. గోడ మీంచి పక్కింటావిడతో మాట్లాడినట్టుండేది. అన్నం అడుగంటేలోపు అంతా అయిపోయేది. నాన్న మధ్య గది గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, గోళ్ళలో ఇరుక్కున్న జిగురు గీక్కుంటూ వినేవాడు. ఆయనది ఫొటోలకి ఫ్రేములు కట్టే పని. ముందు గదే షాపు, మధ్య గదిలో మేం, వెనక వంటిల్లు. షాపులోంచి తప్ప వీధిలోకి వేరే దారి లేదు.

నోట్లో నాలుక లేని మనిషి. బేరమాడేవాళ్ళకి కూడా తల అడ్డంగా ఊపడమే తప్ప మాట ఉండేది కాదు. అలాంటి మనిషి వానలు మొదలైన వారంలో చర్చిలో మగవాళ్ళ కూడికకి వెళ్ళి, తడిసి ముద్దయి వచ్చాడు. అమ్మ తువ్వాలు ఇచ్చినా తుడుచుకోలేదు.

"అమ్మా," అన్నాడు నాయనమ్మతో. "ఇవాళ్టి నుంచి ఇంట్లో ప్రార్థన నేను చేయిస్తాను."

"ఏరా, వానలో తడిసి జ్వరం గానీ వచ్చిందా?"

"పాస్టరు అయ్యగారు చెప్పారు. ఇంటికి మగవాడే శిరస్సు. రేపు దేవుడు ఇంట్లో ఒక్కొక్కరి గురించీ ఆ మగవాణ్ణే అడుగుతాడు. ఈ ఆత్మ ఎక్కడ, ఆ ఆత్మ ఎక్కడ అని. నేనేం చెప్పాలి? గుమ్మం దగ్గర కూర్చుని జిగురు గీక్కున్నానని చెప్పాలా?"

నాయనమ్మ ఆయన మొహంలోకి కాసేపు చూసి, వాక్యపు పుస్తకం తీసి చేతిలో పెట్టింది. "చెయ్యి నాయనా. నా మోకాళ్ళకి సెలవు దొరికింది," అంది నవ్వుతూ. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు పాపం. కొత్త పద్ధతిలో ఆవిడక్కూడా కుర్చీ లేదు. అందరూ మోకాళ్ళ మీదే. నాన్న మాత్రం తన పాత చోటే ఎంచుకున్నాడు, మధ్య గది గుమ్మంలో, షాపుకి వీపు పెట్టి. ఆయన ఆమెన్ అనేదాకా ఎవరూ లేవకూడదు, కళ్ళు తెరవకూడదు.

మొదటి రోజు మాకు నవ్వాగలేదు. రోజంతా పది మాటలు మాట్లాడని మనిషి, కళ్ళు మూసుకోగానే అయ్యగారి గొంతు అరువు తెచ్చుకున్నాడు. "ప్రభువా, ఈ గృహములో ఒక సహోదరి నేడు పాలు పొయ్యి మీద పెట్టి, పొరుగువారితో మాటలలో పడి పొంగించినది. ఆమెకు మెలకువగల మనస్సు దయచేయుము."

ఆ సహోదరి మా అమ్మ. నేను ఒక కన్ను తెరిచి చూశాను. అమ్మ మొహం ఎర్రగా కందిపోయింది, కళ్ళు మాత్రం బుద్ధిగా మూసుకునే ఉంది. తర్వాత మా చెల్లి వంతు, "అద్దము ఎదుట అదేపనిగా నిలుచు చిన్నబిడ్డ" అని. తర్వాత నాయనమ్మకి "వృద్ధాప్యములో మితముగా మాట్లాడు కృప". నాయనమ్మ ముక్కుతో ఒక శబ్దం చేసింది. దాన్ని తుమ్ము కింద జమకట్టాం.

వంటింట్లో అమ్మ గిన్నెలు దబదబా పడేసింది. "మొగుడు తిడితే తిరిగి ఒక మాటనొచ్చు. మొగుడు దేవుడికి చెప్పుకుంటుంటే మధ్యలో దూరి ఏమంటామే? ఇన్నాళ్ళ కాపురంలో ఈ మనిషికి ఈ తెలివి ఎక్కడ దాగుందో!"

నెల తిరిగేసరికి నవ్వు పోయింది. సాయంత్రం ప్రార్థనకి పొద్దుటి ప్రార్థన తోడైంది. వాన పడుతుంటే బేరాల్లేవు, షాపులో జనం లేరు, కిటికీలు తెరిస్తే జల్లు కొడుతుంది. మూసిన గదిలో, తడిసిన బట్టల వాసనలో, చల్లారిపోతున్న అన్నం ముందు, ఐదుగురం మోకాళ్ళ మీద. చెప్పుకోడానికి బాధ కూడా కాదది. కొట్టడు, తిట్టడు, తాగడు. ప్రార్థన చేస్తున్నాడు. ఎవరితో చెప్పినా "అదృష్టవంతులు" అంటారు.

సరిగ్గా అప్పుడొచ్చింది నా సీటు కబురు.

కాళ్ళు పోయినవాళ్ళకి కృత్రిమ కాళ్ళు తయారుచేసే పని ఒకటుంది. కొలత తీసి, అచ్చు పోసి, చెక్కి, తొడిగి, నడిపించి చూడటం. దూరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో రెండేళ్ళు నేర్పిస్తారు. వేసవిలో నేను దరఖాస్తు పెడతానంటే నాన్నే నా చేతులకేసి చూసి, "నీకు కొలత కుదురుతుందే" అన్నాడు. ఆయన దగ్గర నాకు దక్కిన పెద్ద మెప్పు అది. చిన్నప్పటి నుంచి ఆ షాపులో చెక్క కోసి, గాజు కోసి, మేకులు కొట్టి పెరిగాను. ఆ పని నాకోసమే పుట్టిందనిపించింది. నెలాఖరు శనివారం సాయంత్రంలోగా వచ్చి చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

పరిగెత్తుకెళ్ళి చెప్పాను. నాన్న చేతిలో గాజు కోసే కలం ఉంది. సంతోషం మొహం దాకా వచ్చింది, నేను చూశాను, ప్రమాణం చేసి చెప్తాను. అంతలోనే ఎవరో వెనక్కి లాగినట్టు ఆగిపోయింది.

"ప్రార్థనలో పెడతాను," అన్నాడు.

ఇంక చూసుకోండి. కాదంటే ఏడ్చేదాన్ని, అన్నం మానేసేదాన్ని, అమ్మని ముందుకి తోసేదాన్ని. కాదనలేదే! ప్రార్థనలో పెట్టాడు. అక్కడ పెట్టిన వస్తువుని ఎలా తీస్తాం? పొద్దునా సాయంత్రమూ "దూరమునకు చూచుచున్న ఒక బిడ్డ" గురించి గంటల తరబడి విన్నవించుకునేవాడు. ఆ బిడ్డ ఆయన ఎదురుగానే, మోకాళ్ళు పగిలిపోతూ, నోరు మూసుకుని ఉండేది.

ఒక మధ్యాహ్నం షాపులో ఇద్దరమే ఉన్నాం. ముసురుకి చెక్క ఉబ్బింది. ఎంత కచ్చితంగా కోసినా ఫ్రేము మూల దగ్గర సన్నటి సందు వస్తోంది. ఆయన పట్టుకుంటే నేను మేకు కొడుతున్నాను.

"నాన్నా, దేవుడేమన్నాడు?"

"ఇంకా ఏం అనలేదు."

"మీరేమంటారు?"

"నేననడానికేముంది? నేనడిగేవాణ్ణి. చెప్పేవాడు ఆయన."

"మరి వేసవిలో నా దరఖాస్తుకి సరేనన్నప్పుడు ఆయన్ని అడిగారా?"

సుత్తి కోసం చెయ్యి చాచాడు, సుత్తి నా చేతిలోనే ఉంది. "అప్పుడు నాకు తెలియదు," అన్నాడు.

"ఏం తెలియదు?"

"ఎవరి గురించి ఎవర్ని అడుగుతారో." ఫ్రేము మూలని వేలితో నొక్కి చూశాడు. "ఇది కలవలేదు. విప్పి మళ్ళీ కొట్టు."

నాకు ఒళ్ళు మండిపోయింది. షాపులో సాయానికి మనిషి ఉండదని, పైసా జీతం లేని పనిమనిషి పోతుందని దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటున్నాడనుకున్నాను. ఆ మాటే అమ్మతో అన్నాను. అమ్మ చెంప పగలగొట్టినంత పని చేసి, తర్వాత తనే నా చెయ్యి పట్టుకుని అయ్యగారింటికి బయల్దేరదీసింది. "ఈ ముడి వేసినాయనే విప్పాలి, పద," అంది.

అయ్యగారు మంచాయనే. కూర్చోబెట్టారు, టీ ఇప్పించారు, అంతా విన్నారు. విని, "అమ్మా, ఇంటి శిరస్సు మీవారు. ఆయన దేవుడి సన్నిధిలో జవాబు కోసం కనిపెడుతుంటే మధ్యలో నేను జోక్యం చేసుకోకూడదు. మీరు ఆయనకి లోబడి, ఆయన కోసం ప్రార్థించండి," అన్నారు.

"శనివారం దాటిపోతుంది కదండీ," అన్నాను.

"దేవుడి దగ్గర ఆలస్యం ఉండదమ్మా," అన్నారు. ఇంతలో లోపల్నుంచి అమ్మగారు, "ఏమండీ! వాన! దండెం మీద బట్టలు!" అని ఒక్క కేక పెట్టింది. ఆ ఇంటి శిరస్సు చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరిగెత్తింది. ఆయన చేతినిండా దుప్పట్లతో తిరిగొచ్చేదాకా మేం అక్కడే ఉన్నాం. దారిపొడుగునా అమ్మ నవ్వుతూనే ఉంది. గొడుగు కింద చూస్తే కళ్ళు తుడుచుకుంటోంది.

"నువ్వు వెళ్ళిపోవే," అంది ఉన్నట్టుండి. "చెప్పకుండా వెళ్ళిపో. తర్వాత నేను పడతాను."

వెళ్ళొచ్చు. కానీ ఎలా వెళ్తాను? నాన్న కాదనలేదు. ఆయన్ని ఎదిరించి వెళ్ళడానికి ఆయన ఎదురు నిలబడాలి కదా! వెళ్ళాక పొద్దునా సాయంత్రమూ ఆ గుమ్మంలో నా పేరు మీద ఎన్ని గంటలు నడుస్తుందో, అమ్మా చెల్లీ నాయనమ్మా ఎన్ని గంటలు మోకాళ్ళ మీద ఉంటారో తెలుసు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ నా బతుకు. పోకచెక్కకైనా ఒక్క దెబ్బతో తేలిపోతుంది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి పిలుద్దామని షాపులోకి వెళ్ళాను. నాన్న బల్ల వెనక, గోడకి ఆనించిన ఖాళీ ఫ్రేముల మధ్య మోకాళ్ళ మీదున్నాడు. ఎవరూ వినడానికి లేనప్పుడు కూడా చేస్తాడని నాకు తెలియదు. అక్కడ అయ్యగారి గొంతు లేదు. మా నాన్న గొంతే, బేరం దగ్గర నీళ్ళు నమిలే గొంతు.

"ఏదో ఒకటి చెప్పు. అవునను, కాదను. ఏం చెప్పకపోతే ఎలా? నాకు తెలీదు. నాకేం తెలీదు."

నేను వెనక్కి తగ్గబోతే కాలికి చెక్క తగిలి చప్పుడైంది. ఆయన తలెత్తాడు. కోప్పడతాడనుకున్నాను.

"నువ్వెళ్ళాక నీకేదైనా అయితే నన్నడుగుతాడు," అన్నాడు, అలా మోకాళ్ళ మీదే ఉండి. "వెళ్ళనివ్వకపోతే, నీకిచ్చిన చేతుల్ని ఏం చేశావని మళ్ళీ నన్నే అడుగుతాడు. నేనేం చెప్పాలే?"

ఇన్ని వారాలూ ఆయన మా అందర్నీ గదిలో పెట్టి గుమ్మానికి అడ్డం కూర్చున్నాడనే అనుకున్నాను. ఆయన కూడా లోపలే ఉన్నాడని అప్పుడే తెలిసింది. అలాగని నా కోపమేమీ తగ్గలేదు. జాలి వచ్చి దాని పక్కన చేరింది, అంతే.

"అన్నానికి రండి," అన్నాను.

శనివారం పొద్దున లేచేసరికి నా సంచి సర్ది బల్ల కింద పెట్టి ఉంది. బట్టలు, దువ్వెన, సబ్బు, నా కొలబద్ద. "ఎవరు సర్దారు?" అంటే అమ్మ నాయనమ్మకేసి చూసింది. నాయనమ్మ గోడకేసి చూసింది.

"నాయనమ్మా, నాన్న ఇంకా ఏం చెప్పలేదు."

"వాడు చెప్పకపోతే సబ్బు కరిగిపోతుందా? సర్ది ఉంచితే తప్పేముందే?" అంది. తర్వాత నాన్నకి వినపడేలా గొంతు పెంచి, "లోకంలో కాళ్ళు లేనివాళ్ళకి కాళ్ళు చేస్తానన్న పిల్లకి, ఉన్న కాళ్ళు కట్టేసి కూర్చోబెట్టారు, బాగుంది సంబడం!" అంది.

తొమ్మిదింటికి మా వీధి చివర బస్సు ఆగుతుంది. అది ఎక్కితేనే సాయంత్రానికి అందుకుంటాను. నాన్న స్నానం చేసి, తల దువ్వుకుని, రాత్రంతా నిద్రలేని కళ్ళతో వచ్చాడు. సంచి చూశాడు. గుమ్మంలో తన చోట మోకరించి, "ప్రార్థన చేద్దాం," అన్నాడు.

అందరం మోకరించాం. మొదలుపెట్టాడు. లోకంలోని దేశాల కోసం చేశాడు, రోగుల కోసం చేశాడు, వానలో ప్రయాణమైపోయేవాళ్ళ కోసం చేశాడు. నా దగ్గరికే వస్తున్నాడనుకున్నాను. అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి వెళ్ళి చర్చి పెద్దల కోసం చేశాడు. అటు తిరిగి ఇటు తిరిగి నా దగ్గరికొచ్చి, "ఈ బిడ్డ విషయమై" అంటాడు, ఆగిపోతాడు, మళ్ళీ దేశాల దగ్గరికి పోతాడు. గడియారం చప్పుడు వినపడుతోంది. చెల్లి ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు వినపడుతోంది. వీధి మలుపులో బస్సు హారను కొట్టింది. అక్కడ కూరగాయల బళ్ళని తప్పించి మా చివరికి రావడానికి దానికి కాస్త వ్యవధి పడుతుంది, కాస్తే. లేవాలి. లేచి, ఆయన భుజం మీంచి దాటుకుని పోవాలి. నా కాళ్ళు కదల్లేదు. ఆమెన్ కాకుండా లేవడం మా ఇంట్లో ఏనాడూ లేదు, నాయనమ్మ రోజుల్లో కూడా.

"ఈ బిడ్డ విషయమై, ప్రభువా..." అన్నాడు నాన్న. "ఈ బిడ్డ... ఈ బిడ్డ విషయమై..."

"ఆమెన్!" అంది నాయనమ్మ.

అన్నం అడుగంటుతున్నప్పుడు అనే ఆమెన్ అది. గట్టిగా, మూత పెట్టినట్టు.

ఆవలింత ఎలా అంటుకుంటుందో మా ఇంట్లో ఆమెన్ అలాగే అంటుకుంటుంది. పుట్టినప్పటి నుంచి అలవాటు. "ఆమెన్" అంది అమ్మ. "ఆమెన్" అన్నాం నేనూ చెల్లీ. అందరి వెనకా, ఆలోచన లేకుండానే, "ఆమెన్" అన్నాడు నాన్న.

అని, కళ్ళు తెరిచాడు.

"నేనింకా ముగించలేదమ్మా," అన్నాడు.

"నువ్వు ముగించవురా," అంది నాయనమ్మ. కోపంగా కాదు, అన్నం పెట్టేటప్పటి గొంతుతో. "నీకు భయం. నెల నుంచి ఒకటే మాట పట్టుకుని పీకుతున్నావు. ఆయనకి మొదటిరోజే వినపడింది. ఆయనేమన్నా చెవిటివాడా? ఇంక దాన్ని లేవనియ్యి. నా మోకాళ్ళు పోయాయి, ముందు నన్ను లేవదియ్యి."

నాన్న లేవబోయాడు. మోకాళ్ళు పట్టేసి గుమ్మం పట్టుకుని వాలిపోయాడు. నేను వెళ్ళి చెయ్యిచ్చాను. నా చెయ్యి పట్టుకుని లేచాడు, లేచాక వదల్లేదు. వదలడేమో అనుకున్నాను. రెండో చేత్తో వంగి సంచి అందుకున్నాడు. అప్పుడు పక్కకి జరిగాడు. గుమ్మంలోంచి షాపు, షాపులోంచి వీధి కనపడ్డాయి.

అమ్మ నాయనమ్మని లేపుతూనే, "పరిగెత్తండి!" అని అరిచింది.

పరిగెత్తాం. సన్నగా జల్లు పడుతోంది. నాన్న సంచి నెత్తిన పెట్టుకుని ముందు, నేను వెనక. బస్సు కదలబోతుంటే డ్రైవరుకి చెయ్యెత్తి, జీవితంలో మొదటిసారి వీధిలో అరిచాడు, "ఆపండయ్యా! మా అమ్మాయి వెళ్ళాలి!"

నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి లోపలికి అందించి, కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అక్కడ సాయంత్రం ప్రార్థన ఎవరు చేయిస్తారు?"

"ఎవరూ చేయించరు నాన్నా."

"అయితే నువ్వే చేసుకో," అన్నాడు. బస్సు కదిలింది, ఊచ వదలకుండా పక్కన నాలుగడుగులు వేశాడు. "చిన్నది చెయ్యి."

ఆ సాయంత్రం హాస్టలు గదిలో మంచం పక్కన మోకరించాను. చిన్నదే మొదలుపెట్టాను, నాయనమ్మ పద్ధతిలో. మా సంగతి నీకు తెలియనిదేముంది, చూసుకో, అన్నాను. ఇంక ఆమెన్ అనడమే తరువాయి. నాయనమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి. తర్వాత అమ్మ, చెల్లి, కలవని ఫ్రేము మూలలు. "మా నాన్న విషయమై" అన్నాను, అక్కడ ఆగిపోయాను. మళ్ళీ అన్నాను, మళ్ళీ ఆగిపోయాను.

పక్క మంచం అమ్మాయి దీపం ఆర్పడానికి చెయ్యి పెట్టి నిలబడి ఉంది. "ఇంకా ఎంతసేపు?" అంది.